మందుకల్లు వ్యసనమును, దాని చికిత్సయును



పానము చెడ్డదని చెప్పుట సులభము. పానము చేయువానిని ఏవగించుకొనుట మరింత సులభము. వానిని ఆ బంధమునుండి ప్రాణముతో వెలికి దెచ్చుట మాత్రమే కష్టము. సంఘసంస్కారమును గోరు మనము మొదటి రెండు పనులను తరచుగా చేసి, మూడవదానిని మరచుచున్నాము. నేను వైద్యుడను గాను, న్యాయవాదిని. అయినను ఈ విషయమున నేను చేసిన యొక పొరపాటు నన్ను వైద్యుల ముంగిట నిలిపి పాఠము చెప్పించినది. ఆ పాఠమునే మీ ముందుంచుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా కోస్గి సమీపమందలి యొక పల్లెలో కల్లుదుకాణమును మూయించుటకు పెద్దల సభ జరిగెను. నేనును పిలువబడి పోయితిని. స్త్రీలు తమ కష్టములను జెప్పిరి. యువకులు సీసాలను పగులగొట్టిరి. గుడియెదుట అందరును ప్రమాణము చేసిరి. ఒక మంచిపని చేసితినను తృప్తితో నేనింటికి వచ్చితిని. మూడవనాటి రాత్రి ఆ పల్లెనుండి ఒక స్త్రీ నాకు ఫోను చేసినది. "సారూ, కల్లు బందువెట్టి మూడొద్దులాయె. మా ఆయన మనిషి మనిషి తీరు లేడు. గాలి సోకిందంటున్నరు, గుంజకు కట్టేసిండ్రు" అని యేడ్చినది. నేను పోయి చూచునప్పటికి ఆతని దేహమంతయు చెమటలతో తడిసియుండెను, చేతులు వణకుచుండెను. లేనివారితో మాటలాడుచుండెను. పక్కన ఒకరు వేపమండలతో దిగదుడుచుచుండిరి. మేము ఆతనిని జీపులో నెక్కించుకొని మహబూబునగరునకు పోవుచుండగా త్రోవలోనే మూర్ఛ వచ్చి నాలుక కరచుకొనెను.

అచ్చటి వైద్యుడు సూది మందిచ్చి, ఆతడు నిదురించిన పిమ్మట నన్ను జూచి, "వకీలుగారూ, ఈతనిచేత కల్లు మాన్పించిన దెవరు? మాన్పించువారు ముందుగా మాకొక్క మాట చెప్పవలదా?" అని యడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ మనిషి బ్రదికెను. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

1. కల్లునకును మందుకల్లునకును గల భేదము

ఈతచెట్టునుండి గాని తాటిచెట్టునుండి గాని తెల్లవారుజామున దింపిన రసము తియ్యని చక్కెరనీరు. లొట్టిలోను గాలిలోను ఉండు ఈస్టు అను సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆల్కహాలును పుట్టించును. కొన్ని గంటలలో రసము పులిసి, నూటికి నాలుగైదు పాళ్లు ఆల్కహాలు గల కల్లగును. ఇంకను నిలువయుంచినచో సిర్కావలె పుల్లనగును. కావున చెట్టుకల్లు దూరమునకు పోవునది కాదు, దినములకొలది నిలుచునదియు కాదు.

మన పాలమూరు ఎత్తునేలలలో వానలు తక్కువ, చెట్లు తక్కువ, త్రాగువారో పెక్కురు. చెట్టు ఇచ్చినదానితో దుకాణపు సీసాలన్నియు నిండవు. ఆ లోటును పూరించుటకు నీటిని, తీపికై సాకరినును, మత్తుకై మందులను కలుపు దుర్వ్యాపారము పుట్టినది. ఆ మందులలో ముఖ్యమైనవి మూడు: క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, అల్ప్రాజోలాము. మొదటిదానిని జర్మను రసాయనజ్ఞుడు లీబిగ్ 1832లో తయారుచేసెను. 1869లో అది నిద్రమందని తెలిసినది. రెండవది 1963లోను, మూడవది 1981లోను అమెరికా వైద్యమున ప్రవేశించినవి. ఆందోళనకును, నిద్రలేమికిని, మూర్ఛలకును వైద్యుడు లెక్కించి యిచ్చు మందులివి. లెక్కయు లేక, తూకమును లేక తొట్టిలో గుమ్మరించినప్పుడు ఒక సీసాలో ఎంత పడినదో కలిపినవానికే తెలియదు. దీనినే జనులు మందుకల్లందురు.

ఇచ్చట నొక మాట చెప్పవలయును. మోకు వేసికొని చెట్టెక్కి, జారిపడి నడుము విరుగు ప్రమాదమును దినదినము నెత్తిన బెట్టుకొను గీతకార్మికుడు ఈ పాపమునకు కర్త కాడు. మందుకల్లునకు చెట్టుతో పని లేదు. అది పెరిగినకొలది గీతవృత్తి క్షీణించును. కావున ఒక కులమును నిందించి తృప్తిపడుట న్యాయమును గాదు, ఉపాయమును గాదు.

2. బంధమెట్లు బిగియును?

మన మెదడులో రెండు శక్తులు తూకముగా నుండును. ఒకటి ముందుకు తోయును, రెండవది నిలుపును. ఆల్కహాలును, పైజెప్పిన మందులును ఆ నిలుపు శక్తిని బలపరచును. అందుచేతనే త్రాగినవానికి దిగులు తగ్గి, దేహము సడలి, నిద్ర వచ్చును.

ఎడ్లబండిని తలచుకొనుడు. తోలువాడు ఎల్లప్పుడును పగ్గములను వెనుకకు లాగియే పట్టుకొన్నచో, ఎడ్లు నానాటికి మరింత బలముగా ముందుకు లాగుట నేర్చుకొనును. దినదినము మత్తు పడుచున్న మెదడును అట్లే తోపుశక్తిని పెంచుకొని, మత్తులోనే సమానముగా నడచుట నేర్చుకొనును. అందుచే నిన్నటి సీసా నేటికి చాలదు. ఒకనాడు పగ్గములు హఠాత్తుగా తెగినవనుకొనుడు. ఎడ్లు బండిని గోతిలో బడవేయును. చేతుల వణకు, చెమట, గుండెదడ, నిద్రలేమి, మూర్ఛ, మతిభ్రమణము — ఇవి యన్నియు తెగిన పగ్గముల ఫలములు. దయ్యమును గాదు, గాలియు గాదు, నటనయు గాదు.

కావున త్రాగువారిని మూడు తెగలుగా నెంచవలెను. ఇంకను అలవాటుపడనివాడు, అలవాటుపడియు ఆపుకొనగలవాడు, బద్ధుడు. మన పూర్వసంస్కర్తలు బోధించిన ప్రమాణమును, సత్సాంగత్యమును మొదటివానిని కాపాడును, రెండవవానిని మరలించును. మూడవవానికి అవియు కావలయును గాని, వానికి ముందు వైద్యుడు కావలయును.

3. బద్ధుని గుర్తించు విధము

ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పదునొకండవ రోగవర్గీకరణము 2022 జనవరి 1 నుండి అమలులోనున్నది. అందు వ్యసనరోగమునకు మూడు లక్షణములు చెప్పబడినవి. ఎప్పుడు మొదలిడవలెను, ఎంత త్రాగవలెను, ఎప్పుడు ఆపవలెను అనుదానిపై అదుపు తప్పుట మొదటిది. ఇల్లు, పని, ఆరోగ్యము అన్నిటికంటె పానమే ముఖ్యమగుట రెండవది. మోతాదు పెరుగుచుండుట, మానిన దేహము బాధపడుట, ఆ బాధ తీరుటకే మరల త్రాగుట మూడవది. సాధారణముగా ఒక సంవత్సరకాలమున ఈ మూడింటిలో రెండు కనబడినచో వైద్యులు రోగమని నిర్ణయింతురు.

ఇంతకంటె సులభమైన పరీక్షయు కలదు. 1984లో అమెరికా వైద్యుడు జాన్ ఎవింగ్ ప్రకటించిన నాలుగు ప్రశ్నలివి. త్రాగుడు తగ్గించుకొనవలెనని ఎన్నడైన అనుకొన్నావా? ఇతరులు నీ త్రాగుడును విమర్శించినప్పుడు విసుగు కలిగినదా? త్రాగినందుకు తప్పుచేసితినని బాధపడితివా? తెల్లవారగానే వణకు తగ్గుటకు మొదట ఒక గుక్క త్రాగితివా? రెండింటికి అవునన్నచో సందేహింపవలెను. నాలుగవదానికి అవునన్నవానిని హఠాత్తుగా మాన్పింప బూనరాదు.

ఇట్టి ప్రశ్నలను కూలివాని గుడిసెయొద్దనే నిలుపరాదు. మేడపై సీసాలో విదేశపు సారాయి పోసికొనువానికిని ఇవే ప్రశ్నలు. అంతకంటె సూక్ష్మమైన విషయ మొకటి కలదు. విద్యావంతుల యిండ్ల మందులపెట్టెలో, వైద్యుని చీటీ గడువు తీరి యేండ్లు గడచినను, రాత్రిరాత్రియు మ్రింగు నిద్రమాత్ర యొకటి యుండును. దాని పేరు చూడుడు. పెక్కుసార్లు అది అల్ప్రాజోలామే. కూలివాని సీసాలోని మందును, మన బీరువాలోని మందును ఒక్కటే. ఒకరిని త్రాగుబోతనియు, మరొకరిని నిద్రపట్టని పెద్దమనిషియనియు పిలుచుచున్నాము.

4. హఠాన్నిషేధము నేర్పిన పాఠములు

మన రాష్ట్రములలో పానమును ఎదిరించినవారిలో స్త్రీలు అగ్రగణ్యులు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ సంపూర్ణ నిషేధమునుండి సైతము కల్లు మినహాయింపు పొందినది. కావున సారాపై జరిగిన పోరాటమువంటిది కల్లు విషయమున జరుగలేదు, కల్లులోని మందు విషయమున అసలే జరుగలేదు.

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు గట్టిగా సాగించెను. సంకల్పము మంచిదే. అయితే మందుకల్లు దొరకని కొలదిదినములలోనే నిజామాబాదు, మెదకు, మహబూబునగరు జిల్లాలలో జనులు గుంపులుగా ఆసుపత్రులకు వచ్చిరి. కొందరు మూర్ఛపోయిరి, కొందరు పిచ్చిమాటలాడిరి, కొందరు మరణించిరి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల రోగులతో నిండెను. 2020లో కరోనా నిర్బంధము వచ్చినప్పుడును, దుకాణములు మూతపడగా, ఎర్రగడ్డకు జనులు అట్లే తరలివచ్చిరి.

మందుకల్లును కొనసాగనిత్తమా? అదియు మృత్యువే. 2025 జూలైలో హైదరాబాదు కూకటిపల్లి ప్రాంతమున కల్లు త్రాగినవారు పలువురు వాంతులతోను, విరేచనములతోను, మూత్రపిండములు చెడియు ఆసుపత్రుల పాలైరి. కొందరు మరణించిరి. ఆ కల్లులో అల్ప్రాజోలాము కలిసినట్లు పరీక్షలలో తేలెను. త్రాగిన ప్రమాదము, హఠాత్తుగా మానినను ప్రమాదము. ఈ రెండు ప్రమాదముల నడుమ నున్న సన్నని త్రోవ పేరే చికిత్స.

5. చికిత్సాక్రమము

చికిత్స మూడు మెట్లుగా నుండును.

మొదటి మెట్టు, ప్రాణాపాయము లేకుండ మాన్పించుట. ఆల్కహాలు మానిన ఆరేడు గంటలలో వణకు మొదలగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవదినమునుండి నాలుగవదినము వరకు మతిభ్రమణము, జ్వరము, భయంకర దృశ్యములు కనబడు సన్నిపాతస్థితి రావచ్చును. అల్ప్రాజోలాము దేహమునుండి త్వరగా పోవును గనుక దాని బాధ ఒకటి రెండు దినములలోనే కనబడును. డయాజిపాము మెల్లగా పోవునది గనుక దాని బాధ వారము తరువాతను తలయెత్తవచ్చును. "మూడు దినములు గడచినవి, ఇక భయము లేదు" అని మందుకల్లు రోగిని విడిచిపెట్టరాదు.

వైద్యుడు ఇచ్చట చేయునది వింతగా తోచును గాని యుక్తమైనది. దీర్ఘకాలము పనిచేయు డయాజిపామువంటి మందునే కొలిచియిచ్చి, నాడిని, రక్తపుపోటును, వణకును చూచుచు, దినదినము కొంచెము కొంచెముగా తగ్గించును. పగ్గమును తెంపక మెల్లగా వదలుట యన్నమాట. మందుకల్లు యేండ్లతరబడి త్రాగినవానికి ఈ తగ్గింపు వారములు పట్టవచ్చును. పూర్వము మూర్ఛలు వచ్చినవారు, ముసలివారు, గర్భిణులు, కామెర్లున్నవారు, ఆత్మహత్యను తలచువారు ఇంటియొద్ద మానరాదు. ఆసుపత్రిలోనే యుండవలెను.

ఇచ్చటనే పల్లెలలో జరుగు పొరపాటొకటి కలదు. నీరసించినాడని వెంటనే గ్లూకోజు సీసా ఎక్కింతురు. బహుకాలము త్రాగినవాని దేహమున థయమిన్ అను బి1 జీవసత్త్వము క్షీణించియుండును. అది యియ్యక చక్కెర నెక్కించినచో మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. కన్నులు తడబడుట, నడక తూలుట, మతి తప్పుట దీని చిహ్నములు. కావున ముందు థయమిన్ సూది, పిమ్మట గ్లూకోజు. ఈ యొక్క మాట మన పల్లెల సూదివైద్యులకు జేరినచో కొందరి జ్ఞాపకశక్తి నిలుచును.

రెండవ మెట్టు, మరల పడకుండ కాచుట. దేహము శుద్ధియగుటతో పని ముగిసినదని కుటుంబము సంతోషించును. నిజముగా పని అప్పుడే మొదలగును. త్రాగవలెనను తహతహను తగ్గించుటకు నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అను మందులు కలవు. 1948లో డెన్మార్కు వైద్యులు ప్రకటించిన డైసల్ఫిరాము మరియొక తెగ. అది మ్రింగినవాడు త్రాగినచో ముఖము కమిలి, గుండె దడదడలాడి, వాంతులగును. ఆ భయముచే మానునని దాని యుద్దేశము. దీనిని రోగికి తెలియకుండ కూరలో గలిపి పెట్టు కుటుంబములు కలవు. అది చికిత్స గాదు. తెలియక త్రాగినవాని ప్రాణమే పోవచ్చును. రోగి యెఱిగి, ఒప్పుకొని, వైద్యుని పర్యవేక్షణమున మాత్రమే అది వాడదగినది.

మందులతో పాటు మాటయు మందే. "నీవు పాడైతివి" అనక, "నీకేమి కావలయును? కల్లు దానిని ఇచ్చుచున్నదా?" అని యడిగి, మానవలెనను కోరికను ఆతని నోటనే పలికించు పద్ధతిని నేటి వైద్యులు అవలంబించుచున్నారు. ఏ సాయంకాలము, ఏ స్నేహితుడు, ఏ కూలిపైకము చేతబడినప్పుడు కాలు దుకాణమువైపు మరలునో ముందే లెక్కించి, ఆ గడియకు వేరొక పనిని ఏర్పరుపవలెను.

మూడవ మెట్టు, సంఘము. మా ప్రాంతమువారు పెక్కురు పనులకై ముంబాయి, పూనా పట్టణములకు పోవుదురు. పండుగకు వచ్చినవానిని స్నేహితులు మొదట పిలుచుచోటు కల్లుకాంపౌండే. మానినవానికి కూర్చుండుటకు వేరొకచోటు మనమేర్పరచినామా? 1935లో అమెరికాలో ఇద్దరు త్రాగుబోతులు ఒకరినొకరు ఆదుకొనుటతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము పుట్టెను. మానినవాడు మాననున్నవానికి తోడగుట అందలి సూత్రము. మన భజనమందిరములును, గ్రంథాలయములును వారమునకొక సాయంకాలము దీనికియ్యవచ్చును.

మానినవాడు మరల త్రాగుట సంభవించును. చక్కెరరోగి ఒకనాడు పథ్యము తప్పినచో వైద్యుడు తలుపు మూయునా? ఇచ్చటను అట్లే.

6. చట్టము ఏమి చెప్పుచున్నది?

ఇది నా వృత్తివిషయము గనుక నిశ్చయముగా చెప్పగలను. మన రాజ్యాంగమున 47వ అధికరణము మత్తుపానీయములను, హానికరమైన మత్తుమందులను వైద్యమునకు దప్ప వాడకుండ నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని నిర్దేశించుచున్నది. అల్ప్రాజోలాము, డయాజిపాము 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముక్రింద నియంత్రింపబడినవి. వానిని దొంగచాటుగా తయారుచేయువాడు, అమ్మువాడు కఠినశిక్షకు పాత్రుడు. ఆ చట్టమే తన 64ఎ సెక్షనులో, స్వల్పపరిమాణముతో పట్టుబడిన బాధితుడు స్వచ్ఛందముగా గుర్తింపుగల చికిత్సాలయమునకు పోయినచో అభియోగమునుండి విముక్తి కల్పించుచున్నది. చికిత్సను నడుమ విడిచినచో ఆ విముక్తి రద్దు కావచ్చును.

2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, మద్యముచేతను మత్తుమందులచేతను కలుగు మానసికస్థితులను మానసిక రోగములలో చేర్చినది. ప్రభుత్వవైద్యము పొందుట రోగికి హక్కనియు, ఆతనిని సంకెలలతో బంధింపరాదనియు చెప్పినది. గుంజకు కట్టబడిన ఆ మనిషికి చట్టదృష్టిలో హక్కుండెను. ఆ హక్కును ఎఱుగవలసిన న్యాయవాదిని నేనే అచ్చట లేకపోతిని.

చట్టములున్నను ఫలమెంత? అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థవారు 2019లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనము ప్రకారము, మద్యమునకు బద్ధులైన ప్రతి 38 మందిలో ఒక్కడు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినవాడు. తక్కిన 37 మంది మన వీధులలోనే, కొందరు మన యిండ్లలోనే యున్నారు.

7. మనము చేయదగిన పని

ఒక పల్లెలో కల్లుదుకాణమును మూయింపదలచినవారు ముందుగా నొక జాబితా వ్రాయవలెను. దినమును కల్లుతో మొదలిడువా రెవరు, పూర్వము మూర్ఛ వచ్చినవా రెవరు, రోజునకు ఎన్ని సీసాలు, ఎన్నేండ్లుగా? ఆ జాబితాతో ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునియొద్దకు, అచ్చటినుండి జిల్లా ఆసుపత్రియందలి మానసిక వైద్యునియొద్దకు పోవలెను. పడకలు, మందులు సిద్ధమైన పిమ్మటనే తేదీ నిర్ణయింపవలెను. ఆశాకార్యకర్తలను, గీతకార్మికులను సభకు పిలువవలెను. వారము దినములు గాక, మూడు నెలలు ఇంటింటికిని పోయి విచారింపవలెను. దారి తెలియనివారు 14446 అను వ్యసనవిముక్తి సహాయసంఖ్యకు గాని, 14416 అను టెలిమానస్ సంఖ్యకు గాని ఉచితముగా ఫోను చేయవచ్చును.

ఈ క్రమమును పిమ్మట మరియొక పల్లెలో పాటించితిమి. సభకు ముందే వైద్యుడు వచ్చి ప్రమాదమున్నవారిని వేరుచేసెను. వారు ఆసుపత్రికి పోయిరి. తక్కినవారు ఇంటనే మానిరి. కొందరు మరల త్రాగిరి. మేము మరల పోయితిమి. అచ్చట ఎవరును గుంజకు కట్టబడలేదు. సీసాలు పగులగొట్టిన చప్పుడును లేదు, చప్పట్లును లేవు. ఆ నిశ్శబ్దమే మా సభకు విజయమని నేనెంచుచున్నాను.

మొదటి పల్లెలోని ఆ మనిషి నేడు కూలికి పోవుచున్నాడు. దారిలో నేను కనబడినప్పుడు నమస్కరించి నవ్వును. ఆతడు నన్ను క్షమించెనో, నా తప్పు ఆతనికి తెలియనే తెలియదో, నేనడుగలేదు. సోదరులారా, త్రాగువానికి ప్రమాణము చేయించుటకు ముందు మనమొక ప్రమాణము చేయుదము: వైద్యుని పిలువక యెవనిచేతను మత్తును హఠాత్తుగా మాన్పింపబోము, మాన్పించిన పిమ్మట యెవనిని ఒంటరిగా విడువబోము.